గోదారి దాటే యాట తొడ

యాట మేకైనా గొర్రైనా దానికి వెనక తొడలు రెండే. ఈ మాట చెప్పడానికి బడికి పోనక్కర్లేదు. అయినా పోయిన చలికాలం, వరికోతలు ముగిశాక ఒక ఆదివారం మా ఇంట్లో జరిగిన రభస అంతా ఆ రెండు దగ్గరే మొదలైంది.

ఆ రోజు మా ఆడబిడ్డకు ఒడిబియ్యం. మా ఊరు అంకిస పక్కన, గోదారికి ఇవతల, మహారాష్ట్రలో. ఆమెను ఇచ్చింది అవతల, తెలంగాణలో. కొన్నేళ్లకోసారి ఆమెను పిలిపించి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోస్తాం. పుట్టిల్లు నిన్ను మరిచిపోలేదని చెప్పడం అది. యాటను కోస్తాం. కోసిన యాటలో కుడి తొడ ఆడబిడ్డ వాటా. దాన్ని ముక్కలు చెయ్యకూడదు. ఎముక మీద నిండుగా ఉండగానే వండి, మోదుగాకుల్లో చుట్టి, ఆమె గంపలో పెట్టి పంపాలి. మరుసటి రోజు అక్కడ ఆ ఒడిబియ్యం వండి, చుట్టాలను కూర్చోబెట్టి, వాళ్ళ నడుమ ఈ తొడను విప్పుతారు. ముక్కలు పంపితే ఎన్ని దాచుకుని ఎన్ని పంపారో ఎవరికి తెలుసు? నిండు తొడ పంపితే దాచుకున్నది ఏమీ లేదని కళ్ళకు కనిపిస్తుంది. మా మామ తల్లి పెట్టిన పద్ధతి అంటారు. పక్కిళ్లలో ఇది లేదు. మా ఇంట్లో ఉంది.

ఆ తొడ వండే చెయ్యి నాది. ఆడబిడ్డ పెళ్ళయిన ఏడాది మొదటి ఒడిబియ్యం నుంచీ నాదే. నేను కోడలిగా వచ్చేసరికి ఆమెకు పెళ్ళి కాలేదు. ఇద్దరం ఒకే వయసువాళ్ళం. ఒక చాప మీద పడుకున్నాం, ఒక దువ్వెనతో తల దువ్వుకున్నాం. ఆమె అవతలి ఒడ్డుకు పోయాక నేను ఆమెకు పంపగలిగింది అంటూ ఉంటే ఆ తొడ ఒక్కటే. చీర నా మొగుడు కొంటాడు. బియ్యం పొలం ఇస్తుంది. తొడ మాత్రం నా చేతిది.

నేను నాలుగో తరగతి దాటలేదు. అదీ మరాఠీ బడి. లెక్క నాకు నాన్న కళ్లంలో వచ్చింది. ధాన్యం రాశి చుట్టూ ఒకసారి నడిచి, ఎత్తు చూసి, ఎన్ని బస్తాలు అవుతుందో చెప్పేదాన్ని. మొదట్లో నవ్వారు, తర్వాత అడగడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్లకు, దినాలకు ఎంత బియ్యం ఎసట్లో పోయాలి, ఎంత మాంసానికి ఎంత ఉప్పు అని ఊళ్ళో ఇప్పటికీ నన్నే అడుగుతారు. నా అందాజ తప్పి చివరి బంతికి కూర చాలలేదన్న మాట ఇంతవరకు పుట్టలేదు. ఈ గొప్ప ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఇది తప్ప నాకు వేరే గొప్ప లేదు.

మా మరిది భార్యది చంద్రపూర్. మా వైపు మాటలో చెప్పాలంటే నా యారాలు. వ్యాపారస్తుల పిల్ల. నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది. ఉప్పు పిడికిట్లో తీసి చూడకుండా వేస్తుంది, సరిగ్గా ఉంటుంది. నేను చెంచాతో తీసి, కొస వేలితో చదును చేసి వేస్తాను, నాదీ సరిగ్గానే ఉంటుంది. కానీ చూసేవాళ్ళకు ఆమె చెయ్యి ముద్దు, నా చెంచా పిసినారితనం. ఆమె వచ్చాక మా అత్త నవ్వడం ఎక్కువైంది. ఆడబిడ్డ ఫోన్లు ఆమె ఫోనుకు రావడం మొదలైంది. "పెద్దొదినె బాగున్నదా?" అని అందులోంచి అడిగేది. బాగున్నానని యారాలే చెప్పేది.

మా మరిది ఆమెకు కరెంటు ఓవెన్ కొన్నాడు. చంద్రపూర్ నుంచి బస్సు మీద వేసుకుని తెచ్చాడు. దాంట్లో ఆమె కేకు చేసింది, బ్రెడ్డు చేసింది, ఒకసారి వంకాయ కాల్చింది. ఒడిబియ్యానికి వారం ముందు ఫోను పట్టుకుని అత్త పక్కన కూర్చుంది. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. ఫోనులో ఎవరో దేశంకాని దేశపువాళ్ళు పండక్కి మాంసం కాలుస్తున్నారు. పెద్ద పళ్లెం నడుమ ఒకటే ముద్ద. పైన ఎర్రగా, మెరుస్తూ. చుట్టూ జనం దాన్ని చూసి చప్పట్లు కొడుతున్నారు.

"ఏం యాటనే అది, గంతున్నది?" అంది అత్త.

నేను తల ఎత్తి చూశాను. ఆ ముద్ద అడ్డం కొలత ఒక్కటి చాలు. ఏ యాటకూ అంత తొడ ఉండదు.

"యాట గాదత్తా. పెద్దకూర అది," అన్నాను.

మా ఇంట్లో గొడ్డుమాంసం వండరు. అత్త చెయ్యి నోటి మీద పెట్టుకుంది. ఇక ఫోను మూసేస్తుందనుకున్నాను. యారాలు నవ్వేసింది.

"మాంసం ఏదైతేంది అక్కా? నేను సూసేది కాల్చుడు. మనం యాట తొడను గిట్లనే కాలుస్తం. అత్తా, ఈసారి ఆడబిడ్డ తొడ నేను చేస్త. ఓవెన్ల పెడ్త. సూడుండ్రి ఎట్లస్తదో!"

నా చేతిలో చాట ఆగింది. అత్త నా వైపు చూసింది. చూడకపోయినా బాగుండేది. చూసింది కాబట్టి నేను ఏమీ అనలేకపోయాను. అడగకుండా తీసుకుంటే పోట్లాడవచ్చు, నీ ఇష్టమేనా అన్నట్టు చూసి తీసుకుంటే ఏం పోట్లాడతాం?

యారాలు అప్పుడే ఆడబిడ్డకు ఫోను కలిపింది. అందరికీ వినిపించేలా పెట్టింది. అవతలి నుంచి ఆడబిడ్డ గొంతు వచ్చింది.

"చిన్నొదినె చేస్తనంటే చెయ్యనీయుండ్రే. ఎప్పటిది ఎప్పుడుండేదే. జర కొత్తగుంటది."

ఎప్పటిది ఎప్పుడుండేదే. ఆ మాట నా గుండెల్లో ఈటె దిగినట్టు దిగింది అంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది. చేపముల్లు గొంతులో ఉన్నట్టుంది అంటే సరిపోతుంది. మింగుతూ ఉండవచ్చు, పోదు.

అత్త తీర్పు చెప్పింది. "తొడలు రెండున్నయి గదా. కుడిది చిన్నది చేస్తది, అది పిల్లకు పోతది. ఎడమది పెద్దది చేస్తది, ఇంట్ల తింటం. ఏం పెద్దదానా, లెక్క సరిపాయెనా?"

"సరిపాయెనత్తా," అన్నాను. లెక్క నిజంగానే సరిపోయింది. ఇద్దరు కోడళ్ళు, రెండు తొడలు. మిగిలింది ఏమీ లేదు. నాకు మాత్రం ఏదో ఒకటి తక్కువైంది.

ఆదివారం పొద్దున్నే కటికాయన వచ్చి యాటను కోశాడు. కుడి తొడ ఏదో కలిసిపోకుండా దాని కొస ఎముకకు ఎర్ర దారం కట్టడం అలవాటు. కట్టి ఇచ్చాడు. రెండూ తూచాను. నన్ను ఎవరూ తూచమనలేదు. ఎడమది పిసరంత బరువు ఎక్కువ తూగింది. ఆ పిసరుకు నాకు కలిగిన సంతోషం ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు.

యారాలు కుడి తొడకు పెరుగు, కారం, అల్లం, వెల్లుల్లి, ఇంకా ఏవేవో పట్టించి, కత్తితో గాట్లు పెట్టి, గాట్లలోకి వేళ్ళతో మసాలా కూరింది. ఒక్కటి కూడా కొలవలేదు. తీసుకుపోయి ఓవెన్‌లో పెట్టబోతే పట్టలేదు. తొడ పొడుగు, పెట్టె పొట్టి. నాలుగు వేళ్ళంత ఎముక బయటికి వచ్చింది, తలుపు పడలేదు.

"కొస కొట్టిద్దామా అత్తా?" అంది యారాలు.

"కొడితే నిండు తొడ ఎట్లయితదే? ఆళ్ళ ముందట నగుబాటు," అంది అత్త.

ఇద్దరూ ఆ పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను గడప దగ్గర ఉన్నాను. ఊరుకుంటే చాలు. ఇంకో నాలుగు మాటలు అయ్యాక అత్త, "ఇగ పెద్దదానికే ఇయ్యుండ్రి" అనేది. కుడి తొడ దారంతో సహా నా పొయ్యి దగ్గరికి వచ్చేది. ఇదంతా నాకు తెలుసు. అయినా ఏదైనా వస్తువు ఏదైనా పెట్టెలో పట్టదని ఎవరైనా అంటే నా నోరు నా మాట వినదు.

"అడ్డం పెడితే పట్టదు. మూలకు మూల పెట్టుండ్రి," అన్నాను.

యారాలు ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా పెట్టింది. ఎముక కొస గోడకు ఆనీ ఆనకుండా నిలిచింది. తలుపు టక్కున పడింది.

"అక్కా, నువ్వు లేకపోతే నేనేంగాను!" అంది యారాలు, రెండు చేతులతో నా బుగ్గలు పట్టుకుని. ఆమె చేతులకు అంటిన కారం నా చెంపల మీద కాసేపు మండింది. లోపలి మంట ముందు అది ఎంత.

నా పొయ్యి పెరట్లో ఉంది. ఎడమ తొడకు నేను ఎప్పుడూ చేసేదే చేశాను. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, ఎండుకారం. కొలిచి వేశాను. పెద్ద గంజులో అడుగున వెదురు పేడులు పేర్చి, వాటి మీద తొడను పడుకోబెట్టి, కింద కొంచెం నీళ్ళు పోసి, మూతకు చుట్టూ పిండి మెత్తాను. కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు. నడుమ ఒకసారి తిప్పి, చివర వేడి నూనె పోసి పైన ఎర్రగా చేస్తాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నది దాటే తొడను నేను పూర్తిగా ఉడికించను. ముప్పావు వంతు ఇక్కడ, పావు వంతు అక్కడ. గంపలో కుదుపులకు అది విడిపోకూడదు, ఎముకను పట్టుకుని ఎత్తితే నిండుగా పైకి లేవాలి. మరుసటి రోజు వాళ్ళ పొయ్యి మీద ఇంకోసారి వేడి చేస్తారు, మిగిలిన మెత్తదనం అప్పుడు వస్తుంది. ఇదే ఇంట్లో తినే తొడ అయితే ఇంకా గంటసేపు బొగ్గుల మీద ఉంచాలి. నాకు అప్పగించింది ఇంట్లో తినే తొడ. నేను వండింది నది దాటే తొడ. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే పొరపాటని చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. బొగ్గులు తీసేశాను, అంతే.

లోపల పీట వేశారు. ఆడబిడ్డ కొత్త చీరలో కూర్చుంది. ముత్తయిదువలం వరుసగా దోసిళ్ళతో బియ్యం పోస్తున్నాం. నా వంతు వచ్చింది. ఆమె నా మొహం చూసి, "ఏంది వదినె, చెంప ఎర్రగయ్యింది?" అంది.

"కారం అంటింది," అన్నాను.

"ఎవలు రుద్దిండ్రు?"

"ఇంకెవలు? నీ చిన్నొదినె ప్రేమ ఎక్కువై రుద్దింది."

ఆమె పకపకా నవ్వింది. ఒళ్ళో బియ్యం కదిలి కొన్ని గింజలు కింద పడ్డాయి. నేను వంగి ఏరి మళ్ళీ ఒళ్ళో వేస్తుండగా తలపైన ఫ్యాను చప్పుడు తగ్గి, తగ్గి, ఆగింది. కరెంటు పోయింది.

ఇంట్లో వెలుతురు పోగానే నా మనసులో దీపం వెలిగింది. దాచడం ఎందుకు? వెలిగింది. యారాలు దోసెట్లో బియ్యంతోనే ఓవెన్ వైపు పరుగెత్తింది. తలుపు మీద చెయ్యి వేసి, తెరవకుండా, బయటి నుంచే అద్దంలోకి వంగి చూస్తూ ఉండిపోయింది. ఆమె తల వెనక నుంచి చూస్తే చిన్నపిల్లలా ఉంది. ఆ క్షణాన జాలి కలగాల్సింది. నేను అప్పటికే మనసులో నా తొడకు మోదుగాకులు చుడుతున్నాను.

కరెంటు మొదటి బంతి లేచి రెండో బంతి కూర్చునేటప్పుడు వచ్చింది. నేను కూర గంటె పట్టుకుని ఉన్నాను. యారాలు పోయి, ఎంతసేపు కాలాలో పెట్టే మీట తిప్పడం కనిపించింది. పొద్దున ఎంతవరకు తిప్పిందో ఇప్పుడూ అంతవరకు తిప్పింది. గంటె పక్కన పెట్టి పోయాను.

"మళ్ళ మొదటికాడి నుంచి పెడుతున్నవేందే? తలుపు తెరవకపోతివి గదా. వేడి ఆడనే ఉన్నది, అది లోపల మగ్గుతనే ఉన్నది. పొద్దున అయినంత తీసెయ్యి. మిగిలిందే పెట్టు."

యారాలు తడబడి మొగుడి వైపు చూసింది. మరిది విస్తళ్ళు వేస్తున్నవాడు అక్కడి నుంచే అరిచాడు.

"వదినె, నీ లెక్కలు బియ్యం కాడ పెట్టు. అది ఓవెన్, వడ్ల బస్త కాదు. పొద్దటి సంది గుడ్లెర్ర జేసి సూస్తున్నవు దాని దిక్కు. జర చెయ్యనీ పిల్లను!"

బంతిలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. అత్త కూడా, "నువ్వు నీ పొయ్యి సూసుకో పెద్దదానా," అంది, మెల్లగానే.

నేను చెప్పింది నిజం. కానీ ఓర్వలేని గొంతుతో చెప్పాను. జనం గొంతును విన్నారు. తిరిగి వచ్చి గంటె తీసుకున్నాను. ఆ బంతిలో మరిది విస్తరిలో ఎముకలు కాస్త ఎక్కువ పడ్డాయి.

భోజనాలు అయ్యాయి. ఊరివాళ్ళు పోయారు, ఇంటివాళ్ళం మిగిలాం. ఆడబిడ్డను తీసుకుపోయే ఆటోవాడు ఎండ చల్లబడ్డాక వస్తానన్నాడు. తొడ ఎత్తే వేళ అయింది. ఇది అత్త చెయ్యాల్సిన పని. ఎముక కొసను కుడి చేత్తో పట్టుకుని, తొడను పైకి ఎత్తి, ఆడబిడ్డకు చూపించి, ఆకుల మీద పెట్టాలి.

యారాలు ఓవెన్ తలుపు తెరిచింది. వాసన వచ్చింది. ఆ వాసనను గురించి నేను ఏమీ చెప్పను. ఇంటివాళ్ళంతా ఒక్కసారిగా మాటలు ఆపారంటే చాలు. పళ్లెంలో తొడ నల్లెరుపు రంగులో మెరుస్తోంది. ఫోనులో చూసిన దానిలాగే ఉంది. నా గంజులో ఏనాడూ ఆ రంగు రాలేదు.

అత్త దండం పెట్టుకుని, దారం కట్టిన కొస పట్టుకుని ఎత్తింది.

ఎముక వచ్చింది. తెల్లగా, కడిగినట్టు, దారంతో సహా అత్త చేతిలోకి వచ్చింది. మాంసం పళ్లెంలోనే ఉండిపోయి, మెల్లగా రెండు వైపులకూ ఒరిగింది.

అత్త చేతిలోని ఎముకను చూసింది, పళ్లేన్ని చూసింది, మళ్ళీ ఎముకను చూసింది.

"బొక్క పంపాల్నా ఏంది ఇగ పిల్లకు?" అంది.

యారాలు మొహం తెల్లబోయింది. మరిది ఆమెను కాపాడదామనుకున్నాడో, ఆకలి మిగిలిందో, వంగి పళ్లెంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా," అన్నాడు. ఇంకో ముక్క తీశాడు.

నా మొగుడు చెయ్యి పెట్టాడు. ఆడబిడ్డ పెట్టింది. "నమిలేది లేదే! నోట్లె పెట్టంగనే పోతున్నది!" అంది ఆడబిడ్డ. అప్పుడు మా అత్త, ఒక చేతిలో ఎముక అలాగే ఉండగా, రెండో చేత్తో ఇంత తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆమెకు పైన పళ్ళు లేవు. కింద ఉన్నవి లెక్కలోకి రావు. కొన్నేళ్లుగా నేను ఆమెకు మాంసం రోట్లో దంచి, చారులో కలిపి ఇస్తున్నాను. అది తిని, "మంచిగున్నది" అంటుంది. ఆ రోజు ఏమీ అనలేదు. మళ్ళీ పళ్లెంలో చెయ్యి పెట్టింది. ఇంకోసారి పెట్టింది.

కాసేపటికి ఆమెకు పని గుర్తొచ్చింది.

"పెద్దదానా, నీది తే. ఆటో వస్తది."

పెరట్లోకి పోయి తెచ్చాను. అత్త ఎత్తింది. నిండుగా, ఒక్క పోగు కూడా జారకుండా, గాలిలో నిలబడింది.

"రోకలి లెక్కున్నది," అన్నాడు మరిది, నోటి నిండా యారాలు తొడతో. "గోదారి గాదు, సముద్రం దాటినా ఇరగది."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

"అది ఎడమది గదనే," అని ఆడబిడ్డ గుర్తు చేసింది.

అత్త తన చేతిలోని ఎముకకు ఉన్న ఎర్ర దారం విప్పి, నా తొడ ఎముకకు కట్టింది. "ఇప్పుడు కుడిదే," అంది. ఆమె ఇంటి పెద్ద. ఆమె కడితే ఎడమ కుడి అవుతుంది.

నేను పొద్దున్నుంచి, కాదు, వారం నుంచి కోరుకున్నది అదే. నా తొడ నది దాటాలి. దాటబోతోంది. మోదుగాకులు పరిచి, తొడను పెట్టి, మడతలు పెట్టి పుల్లలు గుచ్చుతున్నాను. నా వెనక పళ్లెం చుట్టూ చేరినవాళ్ళు మాటలు లేకుండా తింటున్నారు. నేను వండినదాన్ని ఆ ఇంట్లో ఒక్కరూ గోటితో గిల్లి రుచి చూడలేదు. చూడకూడదు కూడా, అది ఇప్పుడు ఆడబిడ్డ వాటా. నాకు మర్యాద దక్కింది. యారాలికి వాళ్ళ నోళ్ళు దక్కాయి.

యారాలు పెరట్లో మొహం కడుక్కుంటోంది. గంజు కడగడానికి పోయిన నన్ను చూసి, తల తిప్పకుండానే అంది.

"నీ ఏడుపు తీరిందా అక్కా? నీదే పోతున్నది గదా."

"నా ఏడుపు ఏడ తీరిందే? లోపలికి వోయి ఆళ్ళ మూతులు సూడు, ఎట్ల నాకుతున్నరో."

"మూతులు ఎవలిక్కావాలె? మూతులు రోజు తింటయి. నేను చేసింది ఆడ నడుమ పెడుతరనుకున్న. ఆళ్ళందరు సూస్తరనుకున్న." ముక్కు ఎగబీల్చింది. "వారం సంది కలలో గూడ అదే."

అప్పుడు నాకు అర్థమైంది. నాకు లేనిదాని కోసం నేను ఏడుస్తుంటే, ఆమె నా చేతిలో ఉన్నదాని కోసం ఏడుస్తోంది. ఇద్దరం ఒకరి విస్తరిలోకి ఒకరం చూస్తున్నాం. అర్థమైనంత మాత్రాన మంట తగ్గిందా అంటే, తగ్గలేదు. కొంచెం సమానమైంది.

"ఎంతసేపు పెట్టినవ్ మొత్తం?" అని అడిగాను.

"ఏమో. సూడలె," అంది.

కరెంటు ఉన్న సమయం, లేని సమయం, మళ్ళీ తిప్పిన సమయం నేను కలిపి చూసుకున్నాను. అంకె వచ్చింది. అది నా దగ్గర ఉండి ఏం లాభం? నాకు ఓవెన్ లేదు.

ఆటో వచ్చి ముంగిట్లో ఆగింది. గంపలో ఒడిబియ్యం మూట, చీర, ఆకుల్లో చుట్టిన తొడ సర్దాను. ఆడబిడ్డ నా పక్కన వంగి, ఇంట్లోవాళ్ళు వినకుండా చెవిలో అంది.

"వదినె, ఇది ఆళ్ళకు. నాకు జర గది డబ్బల పెట్టియ్యరాదు?"

ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. చాప మీద పక్కన పడుకుని, అత్తకు తెలియకుండా బెల్లం తెచ్చిపెట్టమని అడిగినప్పుడు కూడా ఇలాగే చెయ్యి వేసేది. ఇంట్లో ఇంతమంది ఉండగా నన్నే అడిగింది. కానీ అడిగింది దేన్ని?

పళ్లెంలో మిగిలింది ఎంతో లేదు. పంచడం నా పని కాబట్టి పంచాను. అత్తకు పొద్దుటికి కొంత. చేసిన మనిషి ఇంకా నోట పెట్టలేదు, ఆమెకు కొంత. మిగిలినదంతా డబ్బాలో పెట్టి, గట్టిగా అదిమి, మూత పెట్టాను. చిన్న డబ్బా. ఆడబిడ్డ చిన్నప్పుడు బడికి తీసుకుపోయినది. ఎన్ని పిడచలు పట్టాయో నాకు తెలుసు. వడ్డించే చేతికి వాటా ఉండదు. నా వేళ్ళకు అంటిన మసాలా మాత్రం నాకింది నేనే. ఉప్పు సరిగ్గా ఉంది. వెతికాను. సరిగ్గా ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. యారాలు ఫోనే. ఆమె అందరికీ వినిపించేలా పెట్టింది. అవతల సందడి, గిన్నెల చప్పుడు.

"పెద్దొదినెను పిలువుండ్రి!" అంది ఆడబిడ్డ.

పోయి నిలబడ్డాను.

"వదినె, తొడ నడుమ పెట్టి ఇప్పినం. మా అత్త ఎత్తి ఇటు సూసింది, అటు సూసింది. ఎడమదని దొరికిపోయినమే అనుకున్న. 'కాలు ఎటుదైతేంది, చెయ్యి ఆళ్ళ పెద్దకోడలిదే' అన్నది. మంచిగ ఉడికింది. అందరికీ వచ్చింది."

మా అత్త నా వైపు చూసి తల ఊపింది. యారాలు గోరు కొరుక్కుంటోంది. నా వీపు నిటారుగా అయింది. ఆ మాట ఇంకోసారి చెప్పమని అడుగుదామనుకున్నాను.

"డబ్బ?" అంది యారాలు మెల్లగా. "డబ్బల పెట్టింది?"

"అయ్యో చిన్నొదినె, అదింక ఉంటదా? ఆటో ఎక్కంగనే మూత తీసిన. వంతెన దాటేసరికి ఖాళీ!"

యారాలు నవ్వింది. ఇల్లంతా వినిపించింది.

వంతెన ఎంత పొడుగో నాకు తెలుసు. ఆటో దాని మీద ఎంత మెల్లగా పోయినా ఎంతసేపు పడుతుందో తెలుసు. ఆ డబ్బాలో నేను అదిమి పెట్టిన పిడచలు తెలుసు. చాటలో బియ్యం పెట్టుకుని కూర్చుని, ఏరుతూ, ఆ మూడింటినీ ఎన్ని రకాలుగా కూడినా ఒకటే తేలింది. ఆమె మధ్యలో ఎక్కడా ఆగలేదు, నీళ్ళు తాగలేదు, పక్కన గంపలో ఉన్న నా ఆకుల పొట్లం వైపు ఒక్కసారి కూడా చూసి ఉండదు.